పరాయి గడ్డమీద మొదటి సంవత్సరము

(అధ్యక్ష మండల శతవార్షిక సభలలో చేసిన ప్రసంగ పాఠము)



ఈ నూరేళ్ళ పండుగలో మనము ఎందరో దైవసేవకుల పేర్లు తలంచుకొన్నాము. వారు కట్టించిన గుడులను, బడులను, ఆసుపత్రులను లెక్కపెట్టుకొని దేవుని స్తుతించాము. అది న్యాయమే. అయితే ఒక సంగతి మన ప్రసంగములలో అంతగా వినబడదు. ఆ సేవకులు ఓడ దిగిన మరునాడు, రైలు దిగిన మరునాడు ఏమి తిన్నారు? మంచినీళ్ళు ఎక్కడనుండి తెచ్చుకొన్నారు? అంగడికి పోయి ఉప్పు, పప్పు ఏ మాటలతో అడిగారు? జ్వరము వచ్చిన రాత్రి వారి మంచము ప్రక్కన ఎవరు కూర్చున్నారు?

ఇవి చిన్న సంగతులని మనకు తోచవచ్చును. కాని క్రొత్తగా వెళ్ళిన మిషనెరీ నిలిచినా, వెనుకకు తిరిగినా, చాలాసార్లు ఈ చిన్న సంగతుల వలననే. ఈనాడు మన సంఘముల బిడ్డలు కూడ ఇతర రాష్ట్రములకు, ఇతర దేశములకు సువార్త పనికి వెళ్ళుచున్నారు. వారిని పంపేనాడు పెద్ద కూటము పెడతాము, దండలు వేస్తాము, మోకరించి ప్రార్థిస్తాము. ఆ తరువాత వారి వంటింటిని గూర్చి, వారి నిద్రను గూర్చి మనకు తెలియదు. ఏడాది తిరగకముందే వారిలో ఎవరైనా తిరిగి వచ్చేస్తే, “విశ్వాసము చాలలేదు” అని ఒక్క మాటతో తీర్పు తీర్చేస్తాము. గనుక ఈ మొదటి సంవత్సరమును గూర్చి మన పితరుల చరిత్రలోనుండియే కొంత నేర్చుకొందము.

దోర్నకల్ ఒకనాడు పరదేశము

1903 ఫిబ్రవరి 12వ తేదీన పాళయంకోటలో తిరునెల్వేలి క్రైస్తవులు ఒక మిషనెరీ సంఘమును స్థాపించారు. మన దేశపు మనుష్యులతో, మన దేశపు ధనముతో, మన దేశపు వారి యాజమాన్యము క్రిందనే పని జరగవలెనని వారి పట్టుదల. అంతకు ముందు ఏడు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు సిలోనులోని జాఫ్నాకు వెళ్ళి, అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత ఖర్చుతో పరాయి చోటికి సేవకులను పంపుట చూచి వచ్చారు. ఆ చూపు ఫలించి, నిజాము రాజ్యములోని దోర్నకల్ ప్రాంతము వారి సేవాస్థలమైనది. మొదటి మిషనెరీగా శామ్యూల్ పాకియనాథన్‌గారు 1904లో వచ్చారు. అజరయ్యగారు వై.ఎం.సి.ఎ. లోని ఉద్యోగము విడిచిపెట్టి, 1909లో గురుపట్టాభిషేకము పొంది ఇక్కడికి వచ్చారు. అప్పటికి ఆయనకు ముప్పై అయిదేళ్ళు.

ఈనాడు దోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలోని ఒక రైల్వే జంక్షను. రైలెక్కితే ఒక్క రోజులో తిరునెల్వేలి వైపు ఎంతో దూరము పోవచ్చును. కాని ఆనాడు అక్కడినుండి వచ్చినవారికి ఇది నిజముగా పరదేశమే. ఏలుబడి వేరు, కచేరీ భాష ఉర్దూ. బజారులో చెల్లేది హాలీ సిక్కా. బ్రిటిషు రూపాయికి, దానికి విలువ ఒకటి కాదు. జేబులో ఉన్న డబ్బు ఎంతో తెలిసికొనుటకే లెక్క వేసికొనవలసిన పరిస్థితి. ఊరిలో తెలుగు, తండాలో లంబాడీ, అడవి గూడెములలో కోయ. ఇన్ని మాటల మధ్య తమిళము ఒక్కటే ఎరిగిన మనిషి నోరు లేనివానితో సమానము. తిరునెల్వేలిలోను, ఇక్కడను ఒకే విధముగా కనబడిన పాత నేస్తము బహుశా తాటిచెట్టు ఒక్కటే.

భాష నేర్చుట అనగా చిన్నవాడగుట

తమిళము, తెలుగు అక్కచెల్లెళ్ళ వంటివే గదా, అంత కష్టమేమి అని అనుకొంటాము. దగ్గరి భాషలోనే చిక్కు ఎక్కువ. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికి ఒక్కటే అక్షరము. మన గుణింతములు, ఒత్తులు వారికి క్రొత్త. మాటల సంగతి చూడండి. “అవసరము” అంటే మనకు కావలసినది, వారికి తొందర. “సంసారము” అంటే మనకు కుటుంబము. వారి వాడుకలో భార్య. “కోడి” అంటే మనకు పెరటిలో తిరిగేది; వారి చెవికి అది నూరు లక్షలు. బోధ చేయవలసిన నోటినుండి ఇట్టి మాటలు తారుమారుగా వచ్చుచుంటే వినేవారు నవ్వక ఏమి చేస్తారు?

తన ఊరిలో గౌరవము పొంది, వేదికలమీద మాట్లాడిన పెద్దమనిషి ఇక్కడ బడిపిల్లల ముందు అక్షరములు దిద్దవలెను. క్రొత్త మిషనెరీకి ఎదురయ్యే మొదటి సిలువ ఇది. ఎండను ఓర్చుట సులువు, ఆకలిని ఓర్చుట సులువు; తెలివిగలవాడు తెలివితక్కువవానివలె కనబడుట కష్టము. కొందరు ఈ కష్టమును తప్పించుకొనుటకు దుబాసీని పెట్టుకొని గడిపేస్తారు. వారి పని కూడ దుబాసీ నోటివద్దనే ఆగిపోతుంది.

మన తెలుగుదేశమునకు ముందుగా వచ్చినవారి సంగతి కూడ ఇట్లే ఉన్నది. లండను మిషనువారగు జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్‌గార్లు 1805లో విశాఖపట్టణము చేరారు. వారి చేతిలో తెలుగు సువార్త లేదు. ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి వారికి తోడై కూర్చున్నందుననే తర్జుమా సాగినది. క్రాన్‌గారు 1809లోను, డెగ్రాంజ్‌గారు 1810లోను కన్నుమూశారు. వారు సిద్ధపరచిన మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయినవి. వారు అచ్చు పుస్తకమును కంటితో చూడలేదు; వారికి మాటలు అందించిన మన తెలుగువాని పేరు మాత్రము మనలో ఎందరికి తెలుసు?

మచిలీపట్టణమునకు 1841లో వచ్చిన రాబర్టు నోబుల్‌గారు వెంటనే బడి తెరువలేదు. రెండు సంవత్సరములు తెలుగుతో కుస్తీ పట్టి, 1843 నవంబరులో పాఠశాల ప్రారంభించారు. ఆ రెండేళ్ళలో ఇంగ్లండులోని సంఘమునకు వ్రాసి చూపించుకొనదగిన ఫలితము ఏమున్నది? ఏమియు లేదు. కాని ఆ రెండేళ్ళ పునాదిమీదనే నోబుల్ కాలేజి లేచినది.

భాషలో ఇంకొక లోతైన సంగతి ఉన్నది. ఇంగ్లీషువానికి ఎదుటివానిని పిలుచుటకు ఒక్కటే మాట. తెలుగులో నువ్వు, మీరు, తమరు అని మెట్లు ఉన్నవి. పనివారి యొద్ద భాష నేర్చుకొన్న దొరకు ఆజ్ఞలిచ్చే తెలుగు మాత్రమే వచ్చును. అంటరానివారని ఊరు దూరముగా పెట్టిన మన తాతలను, ఊరి చావడిలో ఎవరును “మీరు” అని ఎరుగరు. అట్టి రోజులలో ఒక గురువు వచ్చి పల్లెలోని ముసలివానిని “మీరు కూర్చోండి, అయ్యా” అంటే, ప్రసంగము మొదలుకాక మునుపే సగము సువార్త ప్రకటింపబడినది.

ఎవరి చేతి అన్నము

ఆహారమును గూర్చి చెప్పుకొందము. తిరునెల్వేలివారు వరి అన్నము, కొబ్బరి, తాటిబెల్లము ఎరిగినవారు. ఇక్కడ బీదల ఇంట జొన్నరొట్టె, గటక, అంబలి, గోంగూర, మిరపకారము. క్రొత్తగా వచ్చినవారికి మొదట నాలుక ఒప్పుకొనదు, తరువాత కడుపు ఒప్పుకొనదు. ఇంటినుండి తెచ్చుకొన్న పొడులు, పచ్చళ్ళు రెండు నెలలలో అయిపోవును. మూడవ నెలలో మనసు అమ్మ వంటింటి చుట్టు తిరుగును. మన తెలుగు బిడ్డలు ఉత్తర దేశమునకు పోయి ఆవకాయ కొరకు కళ్ళనీళ్ళు పెట్టుకొనుట మనము ఎరుగనిది కాదు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు లేదు.

అయితే మన దేశములో భోజనమనగా రుచి మాత్రమే కాదు. ఎవరి ఇంట, ఎవరి చేతి నీళ్ళు త్రాగినాడన్నదే పెద్ద ప్రశ్న. ప్రభువు డెబ్బదిమందిని పంపినప్పుడు, చేర్చుకొన్న ఇంట పెట్టినది తినుమని, ఇల్లిల్లు తిరుగవద్దని చెప్పాడు గదా. ఆ ఆజ్ఞలోని బరువు మన పల్లెలలోనే బాగుగా తెలుస్తుంది. ప్రభువు తానే సమరయ స్త్రీతో మాటలాడినప్పుడు మొదట ఆమెకు ఏమియు ఇవ్వలేదు. త్రాగుటకు నీళ్ళు అడిగాడు. అడుగుట ద్వారా ఆమెను గౌరవించాడు.

క్రొత్త మిషనెరీ సాధారణముగా ఇచ్చుటకు సిద్ధపడి వస్తాడు. పుస్తకములు, మందులు, బట్టలు, ఉపదేశము అన్నియు ఇస్తాడు. పుచ్చుకొనుట అతనికి రాదు. మన మాట ఏమనగా, పరాయి గడ్డమీద సర్దుకొనుట అంటే కష్టములు ఓర్చుట మాత్రమే కాదు. ఆ గడ్డవారి చేతినుండి పుచ్చుకొనుట నేర్చుట. నీళ్ళు, అన్నము, మాటలు, సలహా, తుదకు మందలింపు కూడ వారి చేతినుండి అందుకొనేవాడే అక్కడివాడగుచున్నాడు.

1910 జూన్ నెలలో ఎడింబరోలో ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగినది. అజరయ్యగారు అక్కడ పాశ్చాత్య మిషనెరీలకు, భారతీయ సేవకులకు మధ్యగల సంబంధమును గూర్చి నిర్భయముగా మాట్లాడారు. మీ త్యాగములు గొప్పవి, వాటికి మేము కృతజ్ఞులము. అయితే మాకు స్నేహితులు కావలెను అన్నదే ఆ ప్రసంగ సారాంశము. ఒకరి ఇంటికి ఒకరు వచ్చి పోవుట, ఒకే బల్లయొద్ద భోజనము చేయుట కొరవడెనని ఆయన బాధ. సభలో కొందరికి ఆ మాటలు రుచింపలేదు. ఈ ప్రసంగము చేసిన మనిషి కూడ అప్పటికి ఒక్క ఏడాది క్రిందటనే పరాయి చోటికి వచ్చిన క్రొత్త మిషనెరీ అని మనము మరువరాదు. ఇతరులను అడిగినది తానే దోర్నకల్‌లో చేసి చూపవలసిన బాధ్యత ఆయనమీద పడినది.

జ్వరము, ఒంటరితనము, ఇల్లాలు

ఆరోగ్యము సంగతి. మలేరియా క్రిమి దోమలో ఉండునని రోనాల్డ్ రాస్‌గారు సికింద్రాబాదులో 1897లో కనిపెట్టారు. దోర్నకల్ మిషను మొదలగుటకు అది కొద్ది సంవత్సరముల ముందు మాత్రమే. అడవి సీమలో చలిజ్వరము మామూలు చుట్టము. క్వినైను చేదు మ్రింగుట తప్ప మార్గము లేదు. అంతకు ముందు తరమువారికి ఆ జ్ఞానము కూడ లేదు. నోబుల్‌గారితో కలిసి మచిలీపట్టణము వచ్చిన హెన్రీ ఫాక్సుగారు 1845లో భార్యను పోగొట్టుకొన్నారు. 1848లో తానును మరణించారు. వయసు ముప్పైయొక్క సంవత్సరములే. గుంటూరుకు 1842లో వచ్చిన హైయర్ అయ్యగారు ఈ అవసరము గుర్తించి, అమెరికాకు తిరిగి వెళ్ళినప్పుడు యాభై ఏళ్ళు దాటిన వయసులో వైద్యము చదువుకొని మరల వచ్చారు. శరీరమును నిర్లక్ష్యము చేయుట భక్తి కాదని ఇది మనకు నేర్పుచున్నది.

జ్వరముకంటె ఒంటరితనము కఠినము. ఉత్తరము పోయి జవాబు వచ్చుటకు ఆనాడు నెలలు పట్టేది. ఈనాడు చేతిలోనే ఫోను ఉన్నది, ముఖము చూచి మాట్లాడవచ్చును. ఇది దేవుడిచ్చిన మేలు. అయితే ఒక్క హెచ్చరిక: రోజంతయు ఇంటివారితోనే ఫోనులో గడిపేవాడు ప్రక్కింటివారి పేరు కూడ నేర్చుకొనలేడు. దేహము అక్కడ, మనసు ఇక్కడ ఉంటే రెండు చోట్లా పరదేశియే.

ఇక మిషనెరీ భార్య సంగతి. చరిత్ర పుస్తకములలో ఆమెకు ఒక్క పంక్తి దొరికితే గొప్ప. కాని నీళ్ళు ఎక్కడ, కట్టెలు ఎక్కడ, పాలు ఎవరు పోస్తారు, పిల్లవానికి దగ్గు వస్తే ఏమి చేయవలెను అన్న ప్రశ్నలన్నియు మొదట ఆమెనే తాకును. మగవాడు గ్రామములు తిరుగుచుండగా, భాష రాని ఇల్లాలు నాలుగు గోడల మధ్య మిగిలిపోవును. అజరయ్యగారి సతీమణి అన్బు మరియమ్మగారు ఆ నాలుగు గోడలలో ఆగిపోలేదు. తెలుగు స్త్రీలతో కలిసిపోయి, గ్రామ సేవకుల భార్యలకు చదువు, శుభ్రత, బోధ నేర్పుటలో ముందు నిలిచారు. మన సంఘములలో స్త్రీల సేవకు వేసిన పునాదులలో ఆమె చేతి రాళ్ళు ఉన్నవి.

మన తెలుగువాడు పోయిన చోటు

వచ్చినవారిని గూర్చియే కాదు, ఇక్కడనుండి పోయినవారిని గూర్చి కూడ చెప్పుకొనవలెను. తిరునెల్వేలి మిషను పుట్టిన ఆ 1903లోనే మన బాప్తిస్టు సహోదరులు జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాలోని నటాలునకు పంపారు. 1860 మొదలుకొని మన దేశమునుండి కూలీలను ఒప్పందము మీద అక్కడి చెరకు తోటలకు తీసికొనిపోయేవారు. వారిలో తెలుగువారు, తెలుగు క్రైస్తవులు కూడ ఉన్నారు. వారికి కాపరి లేడు. రంగయ్యగారు కియర్స్‌నీ తేయాకు తోటల ప్రాంతములో పని మొదలుపెట్టి, 1903 డిసెంబరు 27న అక్కడ తెలుగు బాప్తిస్టు సంఘమును ఏర్పరచారు.

ఆయనకు భాష చిక్కు లేదు. తన జనముతోనే తన భాషలో మాట్లాడవచ్చును. అయినను సర్దుబాటు తప్పలేదు. అక్కడ క్రిస్మసు నడివేసవిలో వచ్చును. మన జనము గంట కొడితే లేచి, గంట కొడితే పడుకొనే తోట కూలీలు. ఒప్పందము తీరి అక్కడే నిలిచిపోదమంటే తలకు ఏడాదికి మూడు పౌండ్ల పన్ను. అది 1914లోగాని తీరలేదు. భారతీయుడని వేరుగా చూచే పాలన. ఇవన్నియు కాపరికిని తప్పవు. రంగయ్యగారు పన్నెండేళ్ళు ఆ సంఘములకు సేవచేసి 1915లో ప్రభువునందు నిద్రించారు. భాష ఒకటే అయినంత మాత్రమున బ్రతుకు ఒకటి కాదనియు, జనము పడేపాట్లు తెలిసికొనని కాపరికి వారి భాష వచ్చినను రానట్లే అనియు ఆయన జీవితము మనకు చెప్పుచున్నది.

ఇప్పుడు మనము చేయవలసినది

ప్రియులారా, చరిత్ర విని సంతోషించి ఇంటికి పోవుట చాలదు. నాలుగు మాటలు మన సంఘముల ముందుంచుచున్నాము.

మొదటిది, మనము పంపే సేవకుని మొదటి సంవత్సరము భాషకు, స్నేహమునకు విడిచిపెట్టుదము. ఆ ఏడాదిలో బాప్తిస్మముల సంఖ్య అడుగవద్దు. “ఎన్ని ఇండ్లలో భోజనము చేశావు? ఎందరి పేర్లు నేర్చుకొన్నావు?” అని అడుగుదము.

రెండవది, భార్యను కూడ మిషనెరీగానే ఎంచుదము. ఆమె భాష నేర్చుకొనుటకు ఏర్పాటు, పిల్లల చదువు, వైద్యపు ఖర్చు మన బడ్జెటులో మొదటి వరుసలో ఉండవలెను, మిగిలిన డబ్బులో కాదు.

మూడవది, తిరిగి వచ్చినవారిని చిన్నచూపు చూడవద్దు. మార్కు ఒకసారి మధ్యలోనే వెనుకకు వచ్చాడు. బర్నబా అతనిని చేరదీశాడు. తరువాత పౌలే అతనిని ఉపయోగకరుడని ఒప్పుకొన్నాడు. మన మధ్య బర్నబాలు కావలెను.

నాలుగవది, మన యొద్దకు వచ్చే క్రొత్తవారి సంగతి. వేరొక జిల్లానుండి వచ్చిన గురువు, వేరొక రాష్ట్రమునుండి వచ్చిన సేవకురాలు మన మాట సరిగా పలుకలేదని నవ్వుకొంటున్నామా? లేక ప్రక్కన కూర్చుండి మాట అందిస్తున్నామా? ఆనాడు ఒక తమిళునికి తెలుగు నేర్పినవారు, జొన్నరొట్టె పెట్టినవారు, జ్వరములో కంబళి కప్పినవారు మన తాతలు, అవ్వలే. వారి పేర్లు ఏ శిలాఫలకముమీదను లేవు. కాని వారు ఆ సేవకుని చేర్చుకొనకపోతే 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకింపబడిన మొదటి భారతీయ ఆంగ్లికను బిషప్పుగారు మనకు తండ్రి అయ్యేవారు కారు.

దోర్నకల్‌లోని ఎపిఫనీ దేవాలయమును చూడండి. 1939 జనవరి 6న అది ప్రతిష్ఠింపబడినది. గుడి స్తంభములు, మసీదు గుమ్మటములు, మీనారులు అన్నియు ఒకే కప్పు క్రింద సిలువకు మ్రొక్కినట్లు నిలిచియున్నవి. ఒకనాడు భాష రాక తడబడిన పరదేశి, ముప్పై ఏళ్ళు ఈ గడ్డనుండి పుచ్చుకొని, పుచ్చుకొన్నదానితోనే దేవునికి ఇల్లు కట్టాడు. 1945 జనవరి 1న ఆయన ఇక్కడనే విశ్రమించి, ఇక్కడి మట్టిలోనే కలిసిపోయారు.

పంపేవారిగాను, పోయేవారిగాను, చేర్చుకొనేవారిగాను మనలను రాబోయే నూరేళ్ళకు ప్రభువు సిద్ధపరచును గాక. ఆయన నామమునకే మహిమ కలుగును గాక. ఆమేన్.